స్మారకాలు వద్దన్న నవలాకారుడికి దేశదేశాల జయంతి: డికెన్స్ పుట్టినరోజు కథ

ప్రఖ్యాత ఆంగ్ల నవలా రచయిత చార్లెస్ డికెన్స్ జయంతి ఏటా ఫిబ్రవరి 7న వస్తుంది. ఆ రోజు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఆయన సమాధిపై పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఆయన జన్మించిన పోర్ట్స్‌మౌత్ నగరంలో ఆ ఇంటి వద్ద అభిమానులు సమావేశమవుతారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ఉద్యానవనంలోని విగ్రహం చుట్టూ పుస్తకప్రియులు చేరతారు. 2012లో ఆయన ద్విశత జయంతి సందర్భంగా ఈ వేడుకలు అనేక దేశాలకు విస్తరించాయి. అయితే తన పేరిట ఏ స్మారకమూ నెలకొల్పవద్దని డికెన్స్ స్వయంగా వీలునామాలో రాశారు. ఒక రచయితను ఎలా గుర్తుంచుకోవాలి, ఆయన కోరికను ఎంతవరకు మన్నించాలి అన్న ప్రశ్నలు ఈ జయంతులను మొదటి నుంచీ వెన్నంటి వస్తున్నాయి.

పుట్టిన ఇల్లు, దాచిన బాల్యం

డికెన్స్ 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని నౌకాకేంద్రం పోర్ట్స్‌మౌత్‌లో జన్మించారు. తండ్రి జాన్ డికెన్స్ నౌకాదళ వేతన కార్యాలయంలో గుమాస్తా. రాబడికి మించి ఖర్చు చేసే అలవాటు ఆ కుటుంబాన్ని ఎప్పుడూ వెంటాడింది. బిడ్డకు అయిదు నెలలైనా నిండకముందే వారు ఆ ఇంటిని విడిచి చిన్న వసతికి మారారు. 1824లో అప్పు తీర్చలేక జాన్ డికెన్స్ లండన్‌లోని మార్షల్‌సీ రుణగ్రస్తుల కారాగారానికి వెళ్లారు. ఆ రోజుల్లోనే, 12 ఏళ్లు నిండిన చార్లెస్‌ను బూట్ల పాలిష్ తయారుచేసే కార్ఖానాలో పనికి పెట్టారు. డబ్బాలకు కాగితం చుట్టి చీటీలు అంటించే ఆ పనికి వారానికి ఆరు షిల్లింగుల కూలి దొరికేది.

ఈ అనుభవాన్ని డికెన్స్ జీవితకాలమంతా రహస్యంగా ఉంచారు. మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్‌కు మాత్రమే వివరంగా తెలిపారు. రచయిత మరణానంతరం ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్ర వెలువడ్డాకే పాఠకలోకానికి ఈ సంగతి తెలిసింది. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో సీసాలు కడిగే పనిలో చేరిన బాలుడు ఎవరో, 'లిటిల్ డారిట్'లోని చెరసాల ఎక్కడిదో అప్పుడే అర్థమైంది. ఇప్పుడు జయంతి ప్రసంగాల్లో తప్పక వినిపించే ఘట్టం, ఆయన అందరికంటే ఎక్కువగా దాచుకున్న ఘట్టం కావడం గమనార్హం.

పోర్ట్స్‌మౌత్ పురపాలక సంస్థ ఆ ఇంటిని 1903లో కొనుగోలు చేసి, మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా తెరిచింది. కుటుంబం కొద్ది నెలలు మాత్రమే నివసించిన ఇల్లు కావడంతో అందులో వారి వస్తువులు స్వల్పం. అక్కడి ప్రదర్శనలో సందర్శకులను ఎక్కువగా ఆకట్టుకునేది ఒక సోఫా. 1870 జూన్ 9న గ్యాడ్స్ హిల్ భవనంలో డికెన్స్ తుదిశ్వాస విడిచింది దానిపైనే. పుట్టిన ఇంట్లోనే మరణశయ్యనూ చూసి సందర్శకులు వెనుదిరుగుతారు.

వీలునామాలోని నిషేధం

1869 మే నెలలో రాసిన వీలునామాలో డికెన్స్ తన అంత్యక్రియల గురించి స్పష్టమైన ఆదేశాలిచ్చారు. అవి తక్కువ ఖర్చుతో, ఆడంబరం లేకుండా, ఆప్తుల సమక్షంలో మాత్రమే జరగాలన్నారు. సమాధిపై పేరుకు ముందు గాని, వెనుక గాని గౌరవవాచకాలు చేర్చకుండా సాధారణమైన ఆంగ్ల అక్షరాల్లో చెక్కాలన్నారు. తనకు ఏ విధమైన స్మారకాన్నీ ఏర్పాటు చేయవద్దని మిత్రులను వేడుకున్నారు. దేశం తనను గుర్తుంచుకోవడానికి తన రచనలే చాలునన్నది ఆయన ఆంతర్యం.

మొదటి ఉల్లంఘన అంత్యక్రియల స్థలంతోనే మొదలైంది. రోచెస్టర్ పరిసరాల్లో ఖననం చేయాలని కుటుంబం భావించగా, జాతీయ గౌరవం దక్కాలన్న పత్రికల పిలుపుతో వెస్ట్‌మినిస్టర్ ఆబేలోని కవుల మూలను ఎంపిక చేశారు. మిగిలిన కోరికలను మాత్రం మన్నించారు. 1870 జూన్ 14 ఉదయం, ప్రజలకు తెలియకుండా, కొద్దిమంది సమక్షంలో కార్యక్రమం ముగిసింది. వార్త పొక్కిన తర్వాత తెరిచి ఉంచిన సమాధిని చూసేందుకు వేలాది మంది వరుస కట్టారు. సమాధి ఫలకంపై ఈనాటికీ పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ తప్ప మరో విశేషణం లేదు.

శతజయంతి: పెన్నీ బిళ్లతో రుణవిముక్తి

1912లో జరిగిన శతజయంతికి ఒక ప్రత్యేకత ఉంది. రచయితను కీర్తించడంతో పాటు ఆయన వారసులకు ఆర్థికంగా తోడ్పడడం ఆ సందర్భంలో ప్రధాన లక్ష్యమైంది. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం కాపీరైట్ రచన వెలువడిన 42 ఏళ్ల వరకు, లేదా రచయిత మరణించాక ఏడేళ్ల వరకు, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉండేది. ఆ లెక్కన 1870లో అసంపూర్ణంగా నిలిచిపోయిన 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' హక్కు సైతం సరిగ్గా శతజయంతి నాటికే ముగుస్తుంది. మిగిలినవన్నీ అంతకుముందే ముగిశాయి. పుస్తకాలు లక్షల ప్రతుల్లో అమ్ముడవుతున్నా, కుటుంబానికి అందేది ఏమీ లేదు. డికెన్స్ మనుమరాళ్లు కొందరు ఇబ్బందుల్లో ఉన్నారన్న సమాచారం పాఠకులను కదిలించింది.

దీనికి పరిష్కారంగా 'స్ట్రాండ్' మాసపత్రిక ఒక ప్రచారాన్ని చేపట్టింది. పెన్నీ విలువ గల శతజయంతి బిళ్లలను ముద్రించి విక్రయించారు. తపాలా బిళ్లలా కనిపించే ఈ కాగితాన్ని పాఠకుడు తన వద్ద ఉన్న డికెన్స్ పుస్తకంలో అంటించుకోవాలి. చట్టం అడగని రాయల్టీని పాఠకుడు తనంత తానుగా చెల్లించే పద్ధతి ఇది. ఆ బిళ్లలు అంటించిన పాత ప్రతులు నేటికీ పాత పుస్తకాల దుకాణాల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి.

అమెరికా విషయంలో ఈ రుణం మరింత పెద్దది. విదేశీ రచయితలకు అక్కడ కాపీరైట్ రక్షణ లేనందున, ప్రచురణకర్తలు ఆయన నవలలను యథేచ్ఛగా ముద్రించుకున్నారు. 1842లో తొలిసారి అమెరికాలో పర్యటించినప్పుడు డికెన్స్ ఈ అన్యాయాన్ని బహిరంగంగా ప్రస్తావించి అక్కడి పత్రికల ఆగ్రహానికి గురయ్యారు. విదేశీ రచయితలకు రక్షణ కల్పించే చట్టం అమెరికాలో 1891లో గాని రాలేదు. అప్పటికి ఆయన మరణించి 21 ఏళ్లు గడిచాయి.

శతజయంతికి ఒక విషాదమూ తోడైంది. డికెన్స్ కుమారుల్లో ఒకరైన ఆల్ఫ్రెడ్ చాలా ఏళ్లు ఆస్ట్రేలియాలో గడిపి, వృద్ధాప్యంలో తండ్రి జీవితం, రచనలపై ఉపన్యాసాలు ఇవ్వడం ప్రారంభించారు. శతజయంతి ఉపన్యాస పర్యటనలో భాగంగా అమెరికా వెళ్లిన ఆయన, 1912 జనవరి 2న న్యూయార్క్‌లో కన్నుమూశారు. తండ్రి నూరవ పుట్టినరోజుకు అప్పటికి ఇంకా అయిదు వారాలుంది.

సంప్రదాయాన్ని నిలిపిన సంస్థలు

జయంతిని వార్షిక ఆచారంగా మలచడంలో 1902లో ఏర్పాటైన డికెన్స్ ఫెలోషిప్ పాత్ర కీలకమైనది. రచయిత పాఠకులు తామే సభ్యులుగా ఏర్పడిన ఈ సంఘానికి బ్రిటన్‌లోనూ, ఇతర దేశాల్లోనూ శాఖలున్నాయి. 1905 నుంచి 'ది డికెన్సియన్' అనే పత్రికను వెలువరిస్తోంది. లండన్‌లోని 48, డౌటీ స్ట్రీట్ భవనం కూల్చివేత ముప్పును ఎదుర్కొన్నప్పుడు, 1923లో దానిని కాపాడినదీ ఈ సంఘమే. 'ఆలివర్ ట్విస్ట్', 'నికొలస్ నికిల్‌బీ' నవలల రచన సాగిన ఆ ఇల్లు 1925 నుంచి చార్లెస్ డికెన్స్ ప్రదర్శనశాలగా కొనసాగుతోంది.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1992లో విడుదల చేసిన పది పౌండ్ల నోటుపై డికెన్స్ చిత్రాన్ని ముద్రించింది. 2003 వరకు ఆ నోటు చెలామణిలో ఉంది. అప్పు కారణంగా చెరసాల పాలైన గుమాస్తా కుమారుడి బొమ్మ కరెన్సీపైకి ఎక్కడం ఆ జీవితగమనానికి తగిన ముక్తాయింపుగా పలువురికి తోచింది.

2012: ద్విశత జయంతి

2012 ఫిబ్రవరి 7న వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ప్రధాన కార్యక్రమం జరిగింది. అప్పటి బ్రిటన్ యువరాజు చార్లెస్ సమాధిపై పుష్పగుచ్ఛం ఉంచారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ ప్రసంగించారు. నటుడు రేఫ్ ఫైన్స్ 'బ్లీక్ హౌస్' నవల నుంచి ఒక భాగాన్ని చదివి వినిపించారు. 200 మందికి పైగా డికెన్స్ వంశీయులు హాజరయ్యారు. పోర్ట్స్‌మౌత్‌లోని సెయింట్ మేరీస్ చర్చిలోనూ అదే రోజు ప్రత్యేక కార్యక్రమం జరిగింది. రాయల్ మింట్ ఆ ఏడాది విడుదల చేసిన రెండు పౌండ్ల నాణెంపై రచయిత ముఖాకృతిని ఆయన పుస్తకాల పేర్లతోనే రూపొందించింది.

దేశాంతర వేడుకల్లో బ్రిటిష్ కౌన్సిల్ నిర్వహించిన పఠన కార్యక్రమం విశిష్టమైనది. 24 గంటల్లో 24 దేశాల్లో 24 రచనా భాగాలను ఒకదాని తర్వాత ఒకటిగా చదివారు. ఆస్ట్రేలియాలో మొదలైన ఈ పఠనం సూర్యగమనాన్ని అనుసరిస్తూ ఖండాలు దాటింది. దీని వెనుక డికెన్స్ జీవితంలోని ఒక వాస్తవం ఉంది. తన రచనలను వేదికపై తానే చదివి వినిపించడాన్ని ఆయన వృత్తిస్థాయికి తీసుకువెళ్లారు. 1867-68లో అమెరికాలో చేసిన పఠన పర్యటన ఆదాయాన్ని గణనీయంగా పెంచినా, ఆరోగ్యాన్ని కుంగదీసింది. విక్టోరియా కాలపు కుటుంబాల్లో అక్షరం వచ్చినవారు చదువుతుంటే రానివారు చుట్టూ కూర్చుని వినేవారు. ఈ విధంగా చూస్తే బిగ్గరగా చదవడం ఆయనకు తగిన నివాళి.

న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయం తన వద్దనున్న 'ఎ క్రిస్మస్ కేరల్' స్వదస్తూరి ప్రతితో పాటు లేఖలు, చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శనను నిర్వహించింది. మ్యూజియం ఆఫ్ లండన్ రచయితకూ, ఆ మహానగరానికీ గల అనుబంధంపై 2011 డిసెంబర్ నుంచి 2012 జూన్ వరకు ప్రదర్శన ఏర్పాటు చేసింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ డికెన్స్ నవలల ఆధారంగా తీసిన చిత్రాలను మూకీల కాలం నుంచి వరుసగా ప్రదర్శించింది.

వీటన్నిటికంటే నిశ్శబ్దంగా సాగి, ఎక్కువ కాలం నిలిచే ఫలితాన్నిచ్చిన ప్రయత్నం మరొకటుంది. డికెన్స్ సంపాదకత్వం వహించిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్', 'ఆల్ ది ఇయర్ రౌండ్' వారపత్రికలను బకింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. స్కాన్ చేసిన వేలాది పుటల్లో యంత్రం తప్పుగా గుర్తించిన అక్షరాలను వివిధ ప్రాంతాలకు చెందిన స్వచ్ఛంద పాఠకులు తమ ఇళ్ల నుంచే సరిదిద్దారు.

విమర్శలూ లేకపోలేదు. డౌటీ స్ట్రీట్ ప్రదర్శనశాలను ద్విశత జయంతి ఏడాదిలోనే మరమ్మతుల కోసం నెలల తరబడి మూసివేయడాన్ని పలువురు తప్పుపట్టారు. అది డిసెంబర్‌లో తిరిగి తెరుచుకుంది. దీర్ఘమైన నవలలను చదివే ఓపిక నేటి పిల్లలకు కొరవడుతోందని డికెన్స్ జీవితచరిత్రకారిణి క్లెయిర్ టోమలిన్ ఆవేదన వ్యక్తం చేశారు. పుస్తకం చదవకుండా పుట్టినరోజు జరుపుకోవడంలో సార్థకత ఏమిటన్న చర్చకు ఆ మాటలు దారితీశాయి.

విగ్రహాల వివాదం

వీలునామాలోని నిషేధం కారణంగా బ్రిటన్‌లో చాలాకాలం డికెన్స్ నిలువెత్తు విగ్రహం వెలియలేదు. ఇతర దేశాల్లో ఆ సంకోచం కనిపించదు. అమెరికన్ శిల్పి ఫ్రాన్సిస్ ఎడ్విన్ ఎల్వెల్ 1890లో రూపొందించిన విగ్రహంలో డికెన్స్ కూర్చుని ఉండగా, 'ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్' నవలలోని చిన్నారి నెల్ ఆయన వైపు తలెత్తి చూస్తూ నిలిచి ఉంటుంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో మెప్పు పొందిన ఈ శిల్పం 1901 నుంచి ఫిలడెల్ఫియాలోని క్లార్క్ పార్కులో ఉంది. సిడ్నీలోని సెంటెనియల్ పార్కులో 1891 నాటి పాలరాతి విగ్రహం ఉంది. 1970లలో ధ్వంసానికి గురై కనుమరుగైన ఆ విగ్రహాన్ని పునరుద్ధరించి 2011లో తిరిగి ప్రతిష్ఠించారు.

చివరకు 2014 ఫిబ్రవరి 7న పోర్ట్స్‌మౌత్ గిల్డ్‌హాల్ కూడలిలో శిల్పి మార్టిన్ జెన్నింగ్స్ రూపొందించిన కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. వంశీయులు సైతం ఇందుకు సమ్మతించి, కార్యక్రమంలో పాల్గొన్నారు. ఆడంబరమైన అంత్యక్రియలపై గల ఏవగింపే ఆ నిబంధనకు కారణమని, దాన్ని శాశ్వత నిషేధంగా చూడనవసరం లేదని సమర్థకులు వాదించారు. రచయిత రాసిన వాక్యానికి రచయితనే విడిచి అర్థం చెప్పడం సరికాదన్నది వ్యతిరేకుల మాట.

కోల్‌కతాలో ఒక సమాధి ఫలకం

భారతదేశానికి సంబంధించినంతవరకు ఫిబ్రవరి 7వ తేదీకి మరో అర్థముంది. డికెన్స్ రెండవ కుమారుడు వాల్టర్ లాండర్ డికెన్స్ 16 ఏళ్ల వయసులో, 1857లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగిగా భారత్‌కు వచ్చారు. తర్వాత 42వ హైలాండర్ల పటాలంలో చేరారు. తాతగారిలాగే ఆయనా అప్పుల్లో కూరుకుపోయారు. అనారోగ్యంతో స్వదేశానికి బయలుదేరే దశలో, 1863 డిసెంబర్ 31న కలకత్తాలోని సైనిక ఆసుపత్రిలో హఠాత్తుగా మరణించారు. అప్పటికి వయసు 22 ఏళ్లు. ఓడలపై ఉత్తరాలు వెళ్లే కాలమది. ఆ వార్త తండ్రికి చేరిన తేదీ 1864 ఫిబ్రవరి 7. ఆ రోజు ఆయనకు 52 ఏళ్లు నిండాయి.

అన్నను కలుసుకోవాలన్న ఆశతో భారత్‌కు బయలుదేరిన తమ్ముడు ఫ్రాన్సిస్ ఇక్కడ అడుగుపెట్టాకే ఆయన మరణవార్త తెలుసుకున్నారు. బెంగాల్ పోలీసు దళంలో కొన్నేళ్లు పనిచేసి, అనంతరం కెనడా చేరుకున్నారు.

వాల్టర్‌ను భవానీపూర్ సైనిక శ్మశానవాటికలో ఖననం చేశారు. 1987లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ విద్యార్థుల చొరవతో సమాధి ఫలకాన్ని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికకు తరలించారు. కోల్‌కతా సందర్శించే సాహిత్యాభిమానులు ఇప్పుడు ఆ ఫలకాన్ని అక్కడే చూస్తున్నారు.

1857 నాటి నీడ

భారతీయ పాఠకుడు డికెన్స్‌ను స్మరించేటప్పుడు విస్మరించలేని చేదు వాస్తవమూ ఉంది. 1857 తిరుగుబాటు వార్తలు లండన్ చేరినప్పుడు, ఆ ఏడాది అక్టోబర్‌లో మిత్రురాలు ఏంజెలా బర్డెట్ కూట్స్‌కు రాసిన లేఖలో, తానే భారత్‌లో సర్వసేనానినైతే ఈ జాతిని నిర్మూలించడానికి ప్రయత్నించేవాడినన్న భావాన్ని తీవ్రమైన పదజాలంతో వ్యక్తపరిచారు. ఆ ఏటి క్రిస్మస్ సంచికకు విల్కీ కాలిన్స్‌తో కలిసి రాసిన కథలోనూ ఆ ఆగ్రహం ఛాయలు కనిపిస్తాయని విమర్శకులు గుర్తించారు.

అనాథ బాలల ఆకలిని లోకానికి చూపిన కలం, బాలల ఆసుపత్రికి నిధులు సేకరించిన గొంతు, సముద్రానికి ఇవతలి ప్రజల విషయంలో అంత నిర్దయగా ఎలా మాట్లాడాయన్న ప్రశ్నకు సులభమైన సమాధానం లేదు. కొడుకు అప్పుడే ఆ యుద్ధభూమికి వెళ్లాడన్న సంగతి ఆ ఆవేశాన్ని కొంత వివరిస్తుందే తప్ప సమర్థించదు. 2012 తర్వాత వెలువడుతున్న అధ్యయనాల్లోనూ ఈ లేఖను పక్కన పెట్టకుండా, నవలలతో కలిపి చదివే ధోరణి కొనసాగుతోంది.

తెలుగు నేలతో బంధం

తెలుగు పాఠకులకు డికెన్స్‌ను చేరువ చేసిన అనువాదాల్లో తెన్నేటి సూరి 'రెండు మహానగరాలు' ముఖ్యమైనది. ఫ్రెంచి విప్లవ నేపథ్యంతో 1859లో వెలువడిన 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్'కు ఇది తెలుగు రూపం. 'చెంఘిజ్ ఖాన్' నవలా రచయితగా పేరుపొందిన సూరి, చరిత్ర గమనంలో నలిగే సామాన్యుల కథను తెలుగులోకి తీసుకువచ్చారు.

అంతకంటే పాతదైన, పరోక్షమైన బంధం మరొకటుంది. డికెన్స్ తొలి రచనలు 'బోజ్' అనే కలం పేరుతో వెలువడ్డాయి. ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'లోని మోజెస్ పాత్ర పేరును ఆయన తన తమ్ముడికి ముద్దుపేరుగా పెట్టారు. దానిని ముక్కుతో పలకడంతో 'బోజెస్' అయి, క్రమంగా 'బోజ్'గా కుదించుకుపోయింది. సరిగ్గా అదే గోల్డ్‌స్మిత్ నవల స్ఫూర్తితో కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' రచించారు. అది 1878లో 'వివేకవర్ధని' పత్రికలో ధారావాహికగా మొదలైంది. డికెన్స్ నవలలూ నెలనెలా, వారం వారం భాగాలుగానే పాఠకులకు అందాయి. లండన్ రచయిత కలం పేరుకూ, తెలుగు నవల తొలి అడుగుకూ మూలం ఒకే పుస్తకం కావడం సాహిత్య చరిత్రలోని ఆసక్తికరమైన అంశం.

నివాళికి కొలమానం

శతజయంతి నాడు పాఠకులు పెన్నీ బిళ్ల అంటించి రచయిత కుటుంబం రుణం తీర్చారు. ద్విశత జయంతి నాడు స్వచ్ఛంద పాఠకులు పాత పత్రికల్లోని అక్షరదోషాలను దిద్దారు. ఈ రెంటికీ వేదికలు గాని, విగ్రహాలు గాని అవసరం కాలేదు, పుస్తకం తెరిస్తే సరిపోయింది. తన రచనల ద్వారానే తనను గుర్తుంచుకోవాలన్న డికెన్స్ కోరికకు వ్యతిరేకం కాని నివాళులు ఇవే. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఏటా ఉంచే పుష్పగుచ్ఛం కింద ఆయన కోరినట్లే ఇప్పటికీ ఉన్నది ఒక పేరు, రెండు తేదీలు మాత్రమే.